చింతపిక్కల లెక్కలు

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలో, అమలాపురానికి దగ్గర్లో. పెంకుటిల్లు, వీధి గుమ్మానికి రెండు వైపులా అరుగులు. ఎడమవైపు అరుగుకి గచ్చు చేయించినప్పుడు, సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే మా మావయ్య మేకుతో అష్టాచెమ్మా గడులు గీసేశాడట. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గడులు. నాలుగు వైపులా మధ్య గడిలో ఇంటూ గుర్తు, నట్టనడుమ గడిలో ఇంకొకటి. వేసవి సెలవులకి మేము చేరేసరికి ఆ గీతల్లో మట్టి పేరుకుపోయి ఉండేది. పుల్లతో గీకి, నీళ్లు పోసి కడిగి, అప్పుడు గవ్వలు బయటికి తీసేవాళ్లం. మధ్యాహ్నం భోజనాలయ్యి పెద్దవాళ్లు కునుకు తీసేవేళ మొదలైన ఆట దీపాలు పెట్టే దాకా సాగేది.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. చిన్న పిల్లలకి లెక్కలు ఎలా చెప్పేదానివని చుట్టాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా నేను ఈ ఆటల దగ్గరికే వస్తాను. అందుకే ఒకసారి తీరిగ్గా రాద్దామనిపించింది.

అష్టాచెమ్మా తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. నాలుగు గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండూ పడితే ఇంకో పందెం ఉంటుంది. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. తన ఇంటి నుంచి బయలుదేరిన కాయ బయటి గడులన్నీ చుట్టి, లోపలి చుట్టులోకి దిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మన కాయ చేరితే దాన్ని చంపినట్టు. అలా ఒక్కటైనా చంపనిదే లోపలికి దిగడానికి లేదు.

ఇంటి నుంచి పండు దాకా సరిగ్గా 24 అడుగులు. బయటి చుట్టులో 15, లోపలి చుట్టులో 8, నడిమికి 1. ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు. ఆడగా ఆడగా మాకే తెలిసిపోయింది. మూడు అష్టాలైతే ఒక కాయ పండుతుంది, ఆరు చెమ్మాలైనా పండుతుంది అని మా బావ అంటే, అయితే పన్నెండు రెళ్లు పడినా పండాలిగా అని నేను అన్నట్టు గుర్తు. బళ్లో మూడో ఎక్కం, నాలుగో ఎక్కం ఒకదాని కింద ఒకటి అప్పచెప్పేదాన్నే గానీ, అవి రెండూ 24 దగ్గర కలుసుకుంటాయని నాకు తెలిసింది ఆ అరుగు మీదే.

ఆ ఆటలో అసలు కూడిక చివర్లో వస్తుంది. పండు దాకా ఎన్ని గడులుంటే సరిగ్గా అన్నే పడాలి, ఒక్కటి ఎక్కువైనా కాయ కదలదు. కాయ ఏడు గడుల అవతల ఉందనుకోండి. గవ్వల్లో ఏడు అన్నదే లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది, అంతే. చెమ్మా పడి, ఆ వెంటనే మూడు పడాలి. లేదంటే రెండు మూడు పందేలు ఆగి, కొంచెం కొంచెంగా జరుపుకోవాలి. ఏడుని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో, అందులో ఏది తొందరగా అవుతుందో మనసులో తిప్పుకుంటూ గవ్వలు గలగలలాడించేవాళ్లం. అష్టా పడి, మళ్లీ చెమ్మా పడి, ఆ తర్వాత రెండు పడిందనుకోండి. మొత్తం పద్నాలుగు ఒకే కాయకి ఇవ్వాలా? ఎనిమిదితో ఒకదాన్ని పండించి, నాలుగుతో ఎదుటి కాయని చంపి, రెండుతో మూడోదాన్ని ప్రమాదం లోంచి తప్పించాలా? రెండో తరగతి పుస్తకంలో ‘సంఖ్యను విడదీసి రాయుము’ అని ఉండే అభ్యాసం ఇదే. పుస్తకంలో అదొక ఖాళీ గీత. అరుగు మీద మాత్రం అది తేల్చుకోకపోతే మన కాయ చస్తుంది.

మా అమ్మమ్మ చదువుకున్నది మూడో తరగతి. ఆవిడ ఆటలో కూర్చుంటే మాకు వణుకు. కాయని ఎక్కడ నిలబెట్టాలో ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ‘ఎదుటివాడి కాయ మన వెనకాల రెండు గడుల్లో ఉంటే అక్కడ నిలబడకే, అది వాడికి ఊరికే పడుతుంది. ఐదు గడులు ముందుంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు’ అనేది. ఎందుకో చాలా ఏళ్లకి నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. నాలుగు నాణేలు ఎగరేస్తే 16 రకాలుగా పడొచ్చు. అందులో రెండు బొమ్మలు వచ్చేవి 6. ఒక బొమ్మ వచ్చేవి 4, మూడు వచ్చేవి 4. నాలుగూ బొమ్మలయ్యేది ఒకటే, అసలు బొమ్మే పడనిదీ ఒకటే. గవ్వ నాణెం లాంటిది కాదు, దాని పొట్ట ఆకారాన్ని బట్టి ఒక వైపుకి మొగ్గుతుంది. అయినా రెండు ఎక్కువగా పడుతుందన్న మాట నిలబడుతుంది. ఐదు ఒక్క పందెంలో పడనే పడదు, చెమ్మా తర్వాత ఒకటి పడాలి. సంభావ్యత అనే పాఠం పెద్ద తరగతుల్లో గానీ రాదు. అమ్మమ్మ దాన్ని కొన్ని వందల మధ్యాహ్నాలు గవ్వల్ని చూసి పట్టుకుంది.

వైకుంఠపాళి వానాకాలం ఆట. అరుగు మీద జల్లు కొడుతుంటే వసారాలో చాప పరిచి, గోడకి చుట్టిపెట్టిన పటం విప్పేవాళ్లం. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పాము–నిచ్చెనల అట్టలో 100 గడులుంటాయి. మా పరమపద సోపాన పటంలో 132. నూట ఆరో గడిలో అరుకాషుడనే పెద్ద పాము, పటం పైనుంచి అడుగు దాకా చుట్టలు చుట్టుకుని ఉండేది. భక్తి గడిలో నిచ్చెన ఎక్కితే బ్రహ్మలోకం, జ్ఞానం ఎక్కితే కైలాసం. మా చెల్లెలికి బొమ్మలు చూడడమే ఆట, ఎవరి పందెమో కూడా పట్టించుకునేది కాదు.

ఈ ఆటకి అమ్మమ్మ ఒక నియమం పెట్టింది. కాయని ఒక్కో గడీ తడుముతూ జరపకూడదు. తొంభై ఏడులో ఉన్నావు, ఆరు పడింది. ముందు ‘నూట మూడు’ అని నోటితో చెప్పాలి, తర్వాతే కాయని అక్కడ పెట్టాలి. తప్పు చెప్తే కాయ కదలదు, పందెం పోయినట్టే. చిన్నవాళ్లకి కొంచెం సడలింపు. వాళ్లు గడి గడికీ ఆగొచ్చు గానీ ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టకూడదు. ‘తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద, నూట ఒకటి’ అంటూ గడిలో ఉన్న అంకె చదువుతూ వెళ్లాలి. నాకది అప్పట్లో చాదస్తంలా అనిపించేది. పాము మింగినప్పుడు కూడా వదిలేది కాదు. ఎక్కణ్నుంచి ఎక్కడికి పడ్డావు, ఎన్ని గడులు పోయాయి? తీసివేత చేసి చెప్పిందాకా తర్వాతివాళ్లకి పందెం లేదు. ఓడిపోతున్న ఏడుపులో చేసిన ఆ తీసివేతలు నేను బళ్లో చేసినవాటికంటే ఎక్కువే ఉంటాయి.

రిటైరవడానికి కొద్దిగా ముందు అమెరికాలో జరిగిన ఒక పరిశోధన గురించి చదివాను. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు 2008లో ప్రచురించారు. పేద కుటుంబాల నుంచి వచ్చిన, ఇంకా ఒకటో తరగతికి కూడా రాని పిల్లలతో, వరసగా 1 నుంచి 10 దాకా అంకెలు వేసిన గడుల ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, పావుగంట చొప్పున. ఆ పిల్లలకి ఏ అంకె పెద్దదో, ఏది ఎక్కడ ఉంటుందో బాగా పట్టుబడింది. అంకెల బదులు రంగుల గడులతో అదే ఆట ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. 2014లో సీగ్లర్, ఎలీడా లాస్కీ కలిసి 100 గడుల పటంతో ఇంకో పరిశోధన చేశారు. కాయ జరిపేటప్పుడు గడిలోని అంకె చదువుతూ ముందుకెళ్లిన పిల్లలు, ప్రతి పందానికీ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టిన పిల్లలకంటే ఎక్కువ నేర్చుకున్నారు. అది చదివి నేను చాలాసేపు కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను. ‘తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద’ అని వసారాలో మా చేత అనిపించిన మనిషి మూడో తరగతితో బడి మానేసింది.

అయితే నాకు అన్నిటికంటే ఇష్టమైనది వామనగుంటలు. మా ఇంట్లో చెక్కతో చేసిన పీట ఉండేది, చేప ఆకారంలో, మడతపెట్టేది. ఒక్కో వైపు ఏడు గుంటలు, మొత్తం పద్నాలుగు. గుంటకి ఐదేసి చింతపిక్కలు పోస్తే డెబ్భై. ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కోటి వేసుకుంటూ పోవడం, చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసుకుని మళ్లీ పంచడం. పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ సొంతం చేసుకోవడం. కొద్దిరోజులు ఆడితే చెయ్యి పెట్టకముందే చూపుతో లెక్క వచ్చేస్తుంది. ఇందులో ఆరున్నాయి, ఆరో గుంట దగ్గర చెయ్యి ఖాళీ అవుతుంది, దాని పక్కది ఖాళీ, అవతల తొమ్మిదున్నాయి, అవి నావే. ఒకే గుంటలో పద్నాలుగు పోగుపడితే ఆఖరి పిక్క తిరిగి అదే గుంటలో పడుతుంది. పదహారు ఉంటే రెండు గుంటలు దాటి పడుతుంది. ఈ రెండోది నాకు మా పిన్ని చూపించింది, కళ్లు పెద్దవి చేసి, రహస్యం చెప్తున్నట్టు.

ఇక భాగాహారం. ఒక ఆట అయ్యాక నా దగ్గర 27, ఎదుటివాళ్ల దగ్గర 43 ఉన్నాయనుకోండి. మళ్లీ గుంటకి ఐదేసి నింపాలి. నావి ఐదు గుంటలు నిండుతాయి, రెండు పిక్కలు మిగులుతాయి. నిండని రెండు గుంటలూ వచ్చే ఆటలో లేనట్టే. ఎదుటివాళ్లు ఏడు గుంటలూ నింపి, ఎనిమిది పిక్కలు ఒళ్లో దాచుకుంటారు. భాగఫలం, శేషం అనే మాటలు నాలుగో తరగతిలో విన్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. శేషం అంటే చేతిలో మిగిలిపోయి గుంట నింపడానికి చాలని పిక్కలు. ఇంకో మూడు ఉంటే ఆరో గుంట కూడా నిండేదన్న బాధ నాకు అప్పటికే తెలుసు.

పులి–మేక గురించి ఎక్కువ చెప్పను. మూడు పులులు, పదిహేను మేకలు. గుడి మండపం రాతి మీద చెక్కి ఉండేది, అక్కడ మగపిల్లలే ఎక్కువ ఆడేవాళ్లు. అందులో లెక్కకంటే ఎత్తు ఎక్కువ. ఎదుటివాడు రెండడుగుల తర్వాత ఏం చేస్తాడో ఊహించడం వస్తుంది. అదీ కావలసిందే గానీ, కూడికలు రాని పిల్లకి ముందు ఇవ్వవలసిన ఆట కాదని నా అభిప్రాయం.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు వచ్చిన బడి ఇద్దరు టీచర్లది. ఐదు తరగతులు, రెండు గదులు. నేను మూడో తరగతికి పాఠం చెప్తుంటే అదే గదిలో ఒకటి, రెండు తరగతులు ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. ‘ఎక్కాలు రాయండి’ అంటే పది నిమిషాల్లో పలకల యుద్ధం. 1987లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద బడులకి సామాన్ల పెట్టెలు వచ్చాయి. చాలాచోట్ల వాటిని పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం శిక్షణల్లో ‘కృత్యం’ అనే మాట పదే పదే వినిపించేది, పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలని. ఆ మాట నాకు వెంటనే నచ్చింది. పక్కనున్న టీచర్లు చార్టులు, అట్టముక్కలు తయారుచేస్తుంటే నాకు మా పీట, గవ్వలు గుర్తొచ్చాయి.

గవ్వలు అందరి దగ్గరా ఉండవు. చింతపిక్కలు లేని ఇల్లు ఉండదు. వేసవి ముందు చింతపండు గింజ తీసే రోజుల్లో పిల్లలు డబ్బాలతో తెచ్చారు. ఒక్కో పిక్కని గరుకు రాయి మీద ఒక వైపు అరగదీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. అలాంటివి నాలుగు ఉంటే గవ్వలక్కర్లేదు. గడులు గచ్చు మీద సుద్దతో. వామనగుంటలకి బడి వెనకాల వేపచెట్టు కింద నేలలో పద్నాలుగు గుంటలు. తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చి, బోధనోపకరణాలకని టీచరుకి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చినప్పుడు మందపాటి అట్టలు కొని వైకుంఠపాళి పటాలు గీశాం. ఒకటో తరగతికి 20 గడులు, రెండుకి 100, మూడుకి 132. నా బడి పటాల్లో పాముల పేర్లు పిల్లలే పెట్టుకున్నారు. ఒక పాము పేరు ‘బడి ఎగ్గొట్టడం’.

తరగతిలో 8కి 5 కలపమంటే వేళ్లు చాలక తడబడే పిల్ల ఒకతి ఉండేది. ఆటలో కూర్చోబెట్టిన కొద్ది వారాలకి చూస్తే అష్టా తర్వాత చెమ్మా, ఆ మీద ఒకటి పడగానే ‘పదమూడు’ అని కాయ లేపింది. వేళ్ల వైపు చూడనే లేదు. ఎక్కం అప్పచెప్పేటప్పుడు జవాబు టీచరుకి కావాలి. ఆటలో జవాబు ఆ పిల్లకి కావాలి, అదీ అప్పటికప్పుడు. అంతకుమించి నా దగ్గర ఏ పద్ధతీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా పాటించేదాన్ని. పిల్ల ఆలోచిస్తుంటే ఎంత ఆలస్యమైనా గడి చూపించకూడదు, అంకె అందించకూడదు. పక్క పిల్లలు అందిస్తే వాళ్ల పందెం పోతుంది. ఫోన్లో లూడో ఆడుతున్నారుగా, అది కూడా ఆటేగా అని ఈమధ్య తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఫోన్లో పందెం పడగానే కాయ తనంతట తనే నడిచి వెళ్లి కూర్చుంటుంది. పిల్లవాడు చెయ్యవలసిన పని ఫోను చేసేస్తోంది. ఐదు రూపాయల సుద్దముక్కలు, గుప్పెడు పిక్కలు అంతకంటే ఎక్కువ పని చేయిస్తాయి.

బడికి పంపేది ఆడుకోడానికా అని ఒకరిద్దరు తల్లులు వచ్చి అడిగారు. అడగడం న్యాయమే. పొలం పనికి పోతూ, పెద్దపిల్లని ఇంటి దగ్గర ఉంచుకుంటే కలిసొచ్చే సాయాన్ని వదులుకుని పంపుతున్నారు వాళ్లు. ఒకావిడ కోతల నుంచి నేరుగా వచ్చింది, తలగుడ్డ కూడా విప్పలేదు. కూర్చోమన్నాను. ‘మాకు సదువు రాదండి, పిల్లకైనా లెక్కలు చెప్తారనుకున్నానండి’ అంది. అప్పుడే వేపచెట్టు కింద ఒక ఆట ముగిసి పిల్లలు పిక్కలు లెక్కపెట్టుకుంటున్నారు. వాళ్లమ్మాయి దగ్గర 32 వచ్చాయి. ఐదేసి పోసుకుంటూ నాలుగో గుంట దగ్గర ఉంది. ఆవిడ ఒక్క చూపు చూసి, ‘ఆరు నిండుతాయే, రెండు మిగుల్తాయి, ఏడోది పోయినట్టే’ అంది. పిల్ల మొత్తం పోసి చూస్తే సరిగ్గా అంతే. ‘ఇదేనమ్మా నాలుగో తరగతి భాగాహారం, నువ్వు పలక లేకుండా చేశావు’ అన్నాను. ఆవిడ నా వైపు అనుమానంగా చూసింది, పొగుడుతున్నానేమోనని. పలక మీద 32ని 5తో భాగించి చూపించాను. పైన ఆరు, కింద రెండు. ఆ అంకెల్ని, గుంటల్ని మార్చి మార్చి చూసింది. తర్వాత పిల్ల ఎదురుగా చతికిలబడి ఒక ఆట ఆడింది, ఓడించింది కూడా. అప్పట్నుంచి మా ఊరి బడిలో ఆటల గురించి ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పి ఉంటుంది.

వామనగుంటల్లో పిక్కల సంఖ్య మార్చుకుంటే అదే ఆట ఏ తరగతికైనా సరిపోతుంది. ఒకటో తరగతికి గుంటకి రెండేసి, రెండుకి మూడేసి, మూడుకి ఐదేసి. ఒక ఏడాది మూడో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి, ‘టీచర్, మాకు ఆరో ఎక్కం వచ్చేసింది, ఆరేసి పోద్దాం’ అన్నారు. మొత్తం ఎన్ని కావాలో తేల్చుకుని రమ్మన్నాను. డెబ్భై ఉన్నాయి, గుంటకొకటి చొప్పున ఇంకో పద్నాలుగు చాలని ఒక పిల్లాడు చెప్పాడు. పద్నాలుగార్లు ఎనభై నాలుగు అని ఇంకొకతి గుణించి చెప్పింది. రెండూ ఒకటే అయ్యాయని ఇద్దరూ సంబరపడ్డారు. కొన్నాళ్లకి ఏడేసి అన్నారు, తొంభై ఎనిమిది పిక్కలు. ఎనిమిదేసి పోద్దామని కూడా చూశారు గానీ, నేల గుంటలు చిన్నవి కావడంతో పిక్కలు పొర్లి పక్క గుంటల్లో పడడం మొదలుపెట్టాయి. గుంటలు లోతుగా తవ్వుతామని పలుగు అడిగారు, ఇచ్చాను.